మన గొంతు అరువు తీసుకున్న సత్యభామ

రేపల్లెలో మా అమ్మమ్మగారింట్లో ఒక గ్రామఫోను పెట్టె ఉండేది. నాకు ఊహ తెలిసేసరికే అది పాడటం మానేసింది. దానిమీద తెల్లటి కుట్టుపని గుడ్డ పరిచి, ఆ పైన తాతయ్య కళ్లజోడు, పంచాంగం, మందు సీసాలు పెట్టేవాళ్లు. అటక మీద ట్రంకు పెట్టెలో మాత్రం నాలుగైదు రికార్డులు మిగిలాయి. నల్లగా, బరువుగా, ఫలహారం పళ్లేలంత ఉండేవి. పిల్లల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు.

ఆ రికార్డుల్లో ఒకటంటే తాతయ్యకి ప్రాణం. స్థానం నరసింహారావుగారు పాడిన ‘మీరజాలగలడా’ పాట. ఇంటికి ఎవరొచ్చినా సావిట్లో కూర్చోబెట్టి, పెట్టెకి కీ తిప్పి, కొత్త ముల్లు బిగించి ఆ పాట వినిపించేవారట. విన్నవాళ్లు ఆహా అంటే, అదేదో తనే పాడినంత సంబరపడేవారట. లోపల వంటింట్లో అమ్మమ్మ కాఫీ కలుపుతూ వినేది. వినగా వినగా ఆవిడకి ఆ పాట నోటికొచ్చేసింది. గొంతు కూడా బాగుండేదని మా అమ్మ చెబుతుంది. ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని కాస్త గట్టిగానే అందుకుందిట. సావిట్లోంచి తాతయ్య ఒక్క దగ్గు దగ్గారు. అంతే! ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ పాట పెట్టె పాడిందే గానీ మనిషి పాడలేదు.

ఇందులో విచిత్రం గమనించారా? అది సత్యభామ పాట. కృష్ణుడంతటివాడు నా మాట దాటగలడా అని ఒక ఆడది ధీమాగా పాడుకునే పాట. పాడింది మగవాడు. సావిట్లో కూర్చుని మెచ్చుకున్నదీ మగవాళ్లే. నిజంగా ఆడదైన మా అమ్మమ్మ మాత్రం పాడకూడదు!

ఈమధ్య రేపల్లె ఇల్లు ఖాళీ చేస్తుంటే ఆ రికార్డు మళ్లీ నా చేతికొచ్చింది. అంచున చిన్న పెచ్చు ఊడింది. తుడిచి చీర మడతల్లో దాచి తెచ్చుకున్నాను. అప్పట్నుంచీ ఆ మగ సత్యభామ సంగతి తెలుసుకోవాలని మనసు పీకింది. పెద్దవాళ్లని అడిగాను, పుస్తకాలు తిరగేశాను. తెలిసింది మీతో చెప్పుకోవాలని ఇలా కూర్చున్నాను.

బాపట్ల కుర్రాడు

స్థానంవారు బాపట్లలో పుట్టారు, 1902 సెప్టెంబరు 23న. భావనారాయణస్వామి గుడి ఉన్న ఊరు. సముద్రం కూతవేటు దూరం. ఆయనకి పదకొండో ఏడు నడుస్తున్నప్పుడు, 1913లో, మొట్టమొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే. చదువుకున్నవాళ్లు, పద్యం తెలిసినవాళ్లు, నాటకాల పిచ్చి ఉన్నవాళ్లు అడుగడుక్కీ తగిలే ఊరన్నమాట.

ఆ రోజుల్లో నాటకమంటే ఇప్పటివాళ్లకి ఊహకందదు. రాత్రి భోజనాలయ్యాక మొదలైతే కోడికూసే వేళకి మంగళం పాడేవారు. వెలుగు పెట్రోమాక్సు దీపాలది. మైకులు అప్పటికి రాలేదు. వెనక వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా పద్యం వినబడాలంటే నటుడి గొంతే దిక్కు. పద్యం నచ్చితే జనం ఒన్స్ మోర్ అని కేకలు పెట్టేవారు. చచ్చిపడున్న పాత్రధారి కూడా లేచి పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయేవాడని మా ఊళ్లో నవ్వుతూ చెప్పుకునేవారు.

స్థానంవారు రంగం మీదికి రావడం కూడా అనుకోకుండా జరిగిందే. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం వేస్తున్నారు. చంద్రమతి వేషం వెయ్యాల్సిన నటుడు సమయానికి రాలేదు. జనం వచ్చేశారు, తెర కట్టేశారు, చంద్రమతి లేదు! పెళ్లి పందిట్లో పెళ్లికూతురు కనబడకపోతే ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది వాళ్ల పరిస్థితి. అప్పుడు ఈ పద్ధెనిమిదేళ్ల కుర్రాడికి చీర కట్టి నిలబెట్టారు.

చంద్రమతి వేషం మాటలా చెప్పండి! రాజ్యం పోతుంది. పరాయి ఇంట దాసిగా అమ్ముడుపోతుంది. పాము కరిచిన కొడుకుని చేతుల మీద మోసుకుని శ్మశానానికి వెళ్తే, అక్కడ కాటికాపరిగా ఉన్నది మొగుడే. మీసాలైనా సరిగా రాని కుర్రాడు ఒక తల్లి కడుపుకోత చూపించాలి. చూపించారు. జనం మెచ్చుకున్నారు. రాని నటుడి కోసం వేసిన ఆ ఒక్క వేషం ఆయన జీవితాన్నే మలుపు తిప్పేసింది.

తెనాలి పిలిచింది

బాపట్లలో బండెక్కితే నిడుబ్రోలు మీదుగా తెనాలి ఎంతసేపు! పేరొచ్చిన కుర్రాణ్ణి తెనాలి తనలో కలిపేసుకుంది. అక్కడి శ్రీరామ విలాస సభలో చేరారు స్థానంవారు. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటాం కదా. ఊరి మధ్య కాలవలు, చుట్టూ మాగాణి, పంట డబ్బు, కళంటే చెవి కోసుకునే జనం. మాధవపెద్ది వెంకట్రామయ్యగారు, గోవిందరాజుల సుబ్బారావుగారు లాంటి నటుల పేర్లతో ముడిపడిన ఊరు. రేపల్లె నుంచి తెనాలికి 1916లోనే రైలు పడింది. ఆ రైలు వేమూరు, భట్టిప్రోలు పక్కనుంచి వచ్చే జనాన్ని సాయంత్రం తెనాలిలో దింపితే, తెల్లవారు బండికి కళ్లు నులుముకుంటూ తిరిగెళ్లేవారట.

నాటకమంటే ఒక్కరి గొప్పతనం కాదు. మనం తెర ముందువాళ్లనే తలుచుకుంటాం గానీ, పక్కన హార్మోనియం పెట్టె ముందు కూర్చున్నాయన లేకపోతే పద్యం కుంటుతుంది. నటుడు ఏ శ్రుతిలో అందుకుంటాడో, ఎక్కడ రాగం సాగదీస్తాడో, ఎక్కడ ఊపిరి కోసం ఆగుతాడో ఆయనకి తెలియాలి. నటుడు ఆగిన చోట పెట్టె పాడాలి, నటుడు అందుకోగానే తగ్గాలి. పక్కనే తబలా. వియ్యపురాళ్ల మాటల్లాగా ఒకరు ఆపకముందే ఇంకొకరు అందుకోకూడదు, ఇద్దరూ ఆగి ఇబ్బందిగా చూసుకోనూ కూడదు!

స్థానంవారి సత్యభామ పక్కన కృష్ణుడంటే పెద్దవాళ్లకి గుర్తొచ్చే పేరు కల్యాణం రఘురామయ్యగారిది. ఈలపాట రఘురామయ్య అంటే మీ ఇంట్లో అమ్మమ్మలకి ఇట్టే తెలుస్తుంది. ఆయనదీ గుంటూరు జిల్లాయే, సుద్దపల్లి. నోట్లో వేలు పెట్టి ఈలతో రాగాలు పలికించేవారు. వేణువు చేత్తో పట్టుకోవడం అలంకారానికే, ఆయన ఈలే వేణువు. అలాంటి కృష్ణుడు ఎదురుగా ఉంటే సత్యభామ గొంతు ఎంత పదునుగా ఉండాలి? ఇద్దరిలో ఎవరూ తగ్గేవారు కాదు. సరైన జోడీ దొరికితే దంపుళ్లు కూడా పాటలాగే ఉంటాయి మరి.

సత్య గర్వం, జనం మెప్పు

శ్రీకృష్ణ తులాభారం నాటకం ముత్తరాజు సుబ్బారావుగారిది. కథ మీకు తెలిసిందే. కృష్ణుడు తనకే సొంతం కావాలని సత్యభామ వ్రతం పట్టి, నారదుడి మాట నమ్మి మొగుణ్ణి దానం ఇచ్చేస్తుంది. విడిపించుకోవాలంటే ఎత్తు బంగారం తూచాలి. ఒంటి మీద నగలన్నీ ఒలిచి వేసినా తక్కెడ కదలదు. చివరికి రుక్మిణీదేవి వచ్చి ఒక్క తులసిదళం వేస్తే కృష్ణుడు తూగుతాడు.

నాటకం చెప్పే నీతి తులసిదళం. గర్వం పనికిరాదు, భక్తి కావాలి అని. మరి జనం ఇంటికి మూటగట్టుకుని వెళ్లింది ఏది? సత్యభామ గర్వాన్నే! మీరజాలగలడా అని ఆవిడ ఎత్తుకునే పాటనే. ఆ పాట స్థానంవారు స్వయంగా రాసుకున్నారు. వేషం వేసేవాడే ఆ పాత్ర మనసులోకి వెళ్లి, ఇక్కడ ఈమె ఇలా పాడుకుంటుంది అని తెలుసుకుని రాసిన పాట.

పల్లవి ఒక్కటే. దాన్నే మళ్లీ మళ్లీ పాడుతూ ఒక్కోసారి ఒక్కో భావం చూపించేవారట. ఒకసారి గారం, ఒకసారి ధీమా, ఒకసారి ఎగతాళి, ఒకసారి లోపల్లోపల చిన్న అనుమానం. చూసినవాళ్లు ఎన్ని రకాలుగా పాడారో లెక్కపెట్టుకుంటూ ఇళ్లకి వెళ్లేవారట. పప్పు ఒక్కటే అయినా ఆదివారం మామిడికాయతో, సోమవారం తోటకూరతో, మంగళవారం దోసకాయతో చేసినట్టు!

మా అమ్మమ్మ పెళ్లయిన కొత్తలో ఆ నాటకం తెనాలిలో చూసిందిట. అప్పటికి స్థానంవారికి నలభై దాటిపోయాయి. ఆడవాళ్లకి ఒక పక్క వేరే చోటు. వాళ్ల నాన్నకంటే పెద్ద వయసు మనిషి చీర కట్టుకొస్తే నవ్వొస్తుందేమోనని భయపడుతూ కూర్చుందిట. తెర లేచింది. సత్యభామ నడిచి వచ్చి జడ ముందుకు వేసుకుంది. నవ్వడం మాట దేవుడెరుగు, ఆ పక్కనున్న ఆడవాళ్లంతా తెలియకుండానే తమ పైటలు సర్దుకున్నారట! ఆ నడకా, ఆ చీర కుచ్చెళ్లు చూశాక తాము కట్టుకున్నది అడ్డదిడ్డంగా ఉందని అనుమానం వచ్చిందిట అందరికీ. అమ్మమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా మొహం ఒకలా వెలిగేది.

మూడు నిమిషాల రికార్డు

ఇంతటి పాటని రికార్డులో ఎలా ఇరికించారా అని నాకు ఆశ్చర్యం. ఆ రోజుల నల్ల రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక పక్క మహా అయితే మూడు నిమిషాల చిల్లర. అంతలో పల్లవి, చరణం, రాగం, ముగింపు అన్నీ అయిపోవాలి. రంగం మీద జనం ఒన్స్ మోర్ అంటే పొడిగించుకోవచ్చు. అక్కడ ఎదురుగా జనం లేరు, కళ్లు లేవు, చీర లేదు, నడక లేదు. పదిరకాల అభినయం గొంతులోనే చూపించాలి.

ఇంకో సంగతి తెలుసా? ఆ రికార్డుల్లో వాడేది లక్కే. మనం గాజులకి వాడే లక్కలాంటిదే. అందుకే కింద పడితే గాజుల్లాగే భళ్లుమనేవి. గాజుల జాతికి చెందిన వస్తువులోనే ఆ సత్యభామ గొంతు నిలిచి ఉందంటే నాకెందుకో ముచ్చటేసింది.

నాటకం తెనాలికి రావాలి, బాపట్లకి రావాలి, అక్కడికి మనం వెళ్లాలి. ఇంట్లో పసిపిల్లలుంటే వెళ్లలేం, అత్తగారు ఒప్పుకోకపోతే వెళ్లలేం. రికార్డు మాత్రం మన వంటింటి గోడ అవతలికి వచ్చి పాడింది. గడప దాటలేని ఆడవాళ్ల చెవిన పడిన మొదటి సత్యభామ అదేనేమో.

ఎన్నెన్ని ఆడవాళ్లో!

ఒక్క సత్యభామే అయితే ఇంత చెప్పుకోనక్కరలేదు. చంద్రమతి, శకుంతల, అనసూయ లాంటి పతివ్రతలు ఒక వైపు. చింతామణి, మధురవాణి, దేవదేవి లాంటి వేశ్యలు ఇంకో వైపు. సవతి కొడుకు మీద మనసుపడ్డ చిత్రాంగి, మొగలు అంతఃపురపు రోషనార. ఇన్ని రకాల ఆడవాళ్లని ఒక్క మనిషి చూపించాలి. చింతామణి చీర కుచ్చెళ్లు చంద్రమతి పట్టుకోకూడదు. మధురవాణి ఓరచూపు శకుంతల చూడకూడదు. దేవదేవి ముందు వలవేసి, తర్వాత తనే ఆ వలలో పడాలి.

కథలు రాసుకునేదాన్ని కనక నాకీ విషయం దగ్గర మనసాగిపోయింది. ఒక ఆడమనిషిని కాగితం మీద నిలబెట్టడానికే తల ప్రాణం తోకకొస్తుంది. ఈయన ఒంటి మీద నిలబెట్టారు. ఎక్కడ నేర్చుకున్నారు? బడిలో నేర్పే విద్య కాదు. చెరువు గట్టున బిందె ఎత్తుకునే తీరు, అలిగినప్పుడు మెడ తిప్పే తీరు, అత్తగారి ముందు నవ్వాపుకునే తీరు... ఇవన్నీ చూసి చూసి నేర్చుకోవాల్సినవే. మనం ఎలా ఉంటామో మనకే తెలియదు. ఆయన అంత శ్రద్ధగా చూశారు. ఆ శ్రద్ధ అనుభవాలన్నీ తర్వాత ‘నటస్థానం’ అని పుస్తకంగా కూడా రాసిపెట్టారు.

మరాఠీవాళ్లకి బాలగంధర్వ ఉన్నారు. ఆయన కూడా ఆడవేషాలకే పేరు పడ్డారు. ఆయన చీరకట్టు చూసి అక్కడి గొప్పింటి ఆడవాళ్లు అలా కట్టుకునేవారని చెబుతారు. స్థానంవారిని మన బాలగంధర్వ అని పోల్చేవారు. అంతెందుకు, మా రేపల్లె దగ్గర కృష్ణ దాటి కాస్త వెళ్తే కూచిపూడే కదా. అక్కడ భామవేషం మగవాళ్లు కట్టడం తరాల నుంచీ ఉన్నదే.

అడగక తప్పని మాట

అంతా బాగానే ఉంది, మరి ఆడవాళ్లు ఏమైపోయారు? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మీకూ వచ్చే ఉంటుంది.

ఆడవాళ్లు పాడలేక, ఆడలేక కాదు. సురభి కుటుంబాల్లో ఆడవాళ్లు ఆడవేషాలు వేస్తూనే ఉన్నారు. 1932లో విడుదలైన భక్తప్రహ్లాద సినిమాలో లీలావతిగా కనబడిన కమలాబాయి ఆ సురభి బిడ్డే. కళావంతుల ఇళ్లలో సంగీతం, అభినయం పుట్టుకతో వచ్చేవి. కానీ వాళ్లని చూసే చూపే వేరు. పాట విని డబ్బులు విసిరేవాళ్లే మర్నాడు వీధిలో కనబడితే మొహం తిప్పుకునేవారు. సంసారపక్షపు ఇంట పుట్టిన పిల్ల రంగం ఎక్కడం సంగతి అటుంచండి, గొంతెత్తి పాడినా తప్పే. మగవాడు సత్యభామ వేస్తే కళ, ఆడది వేస్తే తలవంపులు!

స్థానంవారు రంగూను వెళ్తే అక్కడి తెలుగువాళ్లు బంగారు కిరీటం పెట్టి సన్మానించారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. తెలుగు రంగస్థలానికే అది పెద్ద గౌరవం. ఆయనకి దక్కాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ గొంతు, ఆ నడక, ఆ గారం ఎవరివి? మనవే కదా! వాటిని తమవని చెప్పుకుని రంగం ఎక్కే దారి మన అమ్మమ్మలకి లేకపోయింది.

కోపం రావాలా? కాసేపు వచ్చింది కూడా. తర్వాత ఆలోచిస్తే ఇంకోటి తోచింది. దారి మూసింది ఆయన కాదు. అది మూసి ఉన్న రోజుల్లో ఆయన చేసిందేమిటో చూడాలి. ఆడవేషం అంటే వెకిలి నవ్వులు, చేతులు తిప్పడం అని సరిపెట్టుకోవచ్చు. జనం దానికీ చప్పట్లు కొడతారు. ఆయన అలా చెయ్యలేదు. ఆడదాన్ని నవ్వులపాలు చెయ్యలేదు. ఆమె గర్వాన్ని గర్వంగానే, ఆమె దుఃఖాన్ని దుఃఖంగానే చూపించారు. పక్కింటి నుంచి అరువు తెచ్చుకున్న నగని ఒంటికి పెట్టుకున్నంతసేపూ జాగ్రత్తగా చూసుకునేవాళ్లుంటారు చూడండి, అలాగన్నమాట.

తిరిగి ఇచ్చేసిన రోజు

రోజులు మారుతూ వచ్చాయి. 1935లోనే శ్రీకృష్ణ తులాభారం సినిమాగా వచ్చింది. అందులో ఋష్యేంద్రమణిగారు సత్యభామ. 1942లో సత్యభామ అనే సినిమా వచ్చినప్పుడు స్థానంవారు కూడా నటించారు. ఏ వేషమనుకుంటున్నారు? కృష్ణుడు! సత్యభామ వేషం పుష్పవల్లిది. హిందీ నటి రేఖ తల్లిగారు ఆవిడ. తెలుగునేలంతా సత్యభామగా కొలిచిన మనిషి, తెర మీదికొచ్చేసరికి ఒక అమ్మాయికి ఆ చోటు వదిలి అవతల నిలబడ్డారు. సినిమా కన్ను రంగస్థలంలా కాదు, దగ్గరికొచ్చి చూస్తుంది. అక్కడ ఆడవేషానికి ఆడవాళ్లే కావాలి. ఆయనకి ఎలా అనిపించి ఉంటుందా అని ఆ సంగతి చదివినప్పుడల్లా అనుకుంటాను.

తర్వాత హైదరాబాదు ఆకాశవాణిలో నాటకాల పని చూశారు. రేడియోలో రంగూ లేదు, చీరా లేదు. మళ్లీ గొంతే మిగిలింది.

ఇక 1966. సురేష్ ప్రొడక్షన్స్‌వారు శ్రీకృష్ణ తులాభారం మళ్లీ తీశారు. కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వం, పెండ్యాలగారి సంగీతం. ఎన్.టి.ఆర్. కృష్ణుడు, అంజలీదేవి రుక్మిణి, జమున సత్యభామ. ఎన్ని పాటలు కొత్తగా రాయించుకున్నా మీరజాలగలడాని మాత్రం వదల్లేకపోయారు. స్థానంవారి పాట స్థానంవారిదే ఉంచారు. పాడింది పి.సుశీలగారు.

జమునగారు హంపీలో పుట్టినా పెరిగింది దుగ్గిరాలలో. దుగ్గిరాల ఎక్కడుంది? తెనాలి పక్కనే! ఏ తెనాలిలో ఒక మగాయన చీర కట్టుకుని ఆ పాటకి ప్రాణం పోశారో, ఆ తెనాలి పక్క ఊళ్లో పెరిగిన ఆడపిల్ల, మరో ఆడమనిషి గొంతుతో ఆ పాటకి జడ విసిరింది. జమునగారు 2023 జనవరిలో కన్నుమూసినప్పుడు కూడా అందరూ తలుచుకున్నది ఆ సత్యభామనే. స్థానంవారు 1971 ఫిబ్రవరి 21న పోయారు. అంటే తన పాట ఆడవాళ్ల చేతికి తిరిగి వెళ్లడం ఆయన బతికుండగానే జరిగింది. అరువు తీసుకున్నది తీర్చేశారు. వడ్డీతో సహా. ఎందుకంటే మనం ఇచ్చింది నడక, గారం, అలక. ఆయన తిరిగి ఇచ్చినప్పుడు దాంతో పాటు ఒక పాట కూడా ఉంది.

ఆ సినిమా వచ్చాక మా అమ్మ, పిన్నులు ఆ పాట విజయవాడ రేడియోలో వస్తే పాడుకునేవారట. అప్పుడు తాతయ్య దగ్గలేదా అని అడిగాను. దగ్గారట. కాకపోతే రేడియో వాల్యూము పెంచేసరికి ఆయన దగ్గు వినపడలేదట!

అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ పాడలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు పాడుతుంటే పప్పులో తెడ్డు తిప్పుతూ తల ఊపేదిట. నోరు మాత్రం విప్పేది కాదు. నగ తిరిగొచ్చేసరికి పెట్టుకునే ఈడు దాటిపోయిందనుకుందో ఏమో.

ఇల్లు ఖాళీ చేసిన రోజు గ్రామఫోను పెట్టెని ఎవరో అడిగితే ఇచ్చేశాం. సామాను వెళ్లిపోయాక సావిట్లో మా అమ్మా నేనూ మిగిలాం. ఖాళీ గదిలో మాట కూడా ఖంగుమంటోంది. రికార్డు నా ఒళ్లో ఉంది. అమ్మ దాన్ని చూసి, గోడకి చేరగిలబడి, గట్టిగా మీరజాలగలడా అందుకుంది. చరణం దగ్గర ఊపిరి అందలేదు, డెబ్బై దాటాయి కదా. అయినా ఆపలేదు. తాతయ్య కుర్చీ ఉండే మూల వైపు నా చూపు దానంతటదే వెళ్లింది.

ఎవరూ దగ్గలేదు.